మావయ్యకి వినపడని శబ్దం

మా బండిలో మోత గంటకి 55 కిలోమీటర్ల దగ్గర మొదలై 70 దాటాక పోయేది. మరీ పెద్దదేం కాదు. పక్కింట్లో ఎవరో మిక్సీ వేసినట్టు, కాళ్ళ కింద ఎక్కడో సన్నగా "ఊఁ" అని వినపడేది. టైర్లేమో అని ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించాం. మోత కదల్లేదు. పాటల సౌండు కొంచెం పెంచి సర్దుకున్నాం. అలా ఎన్నాళ్ళైనా నెట్టుకొచ్చేవాళ్ళమే గానీ, ఫిబ్రవరిలో మా ఆవిడకి నెలలు నిండుతాయి. మేముండేదేమో కొండ మీద.

ఊరి పేరు ఉడ్‌ల్యాండ్ పార్క్. అమెరికాలో కొలరాడో రాష్ట్రం. ఎత్తు 8,465 అడుగులు, అంటే మన తిరుమల కొండకి దాదాపు మూడింతలు. కిటికీ తీస్తే 14 వేల అడుగులు దాటిన పైక్స్ పీక్ కనిపిస్తుంది. ఇద్దరం ఇంటి నుంచే పని చేస్తాం, కింద సిటీతో పోలిస్తే అద్దె తక్కువ, గాలి బాగుంటుంది అని వచ్చాం. మేం చూపించుకునే డాక్టరు, ఆసుపత్రి మాత్రం కింద కొలరాడో స్ప్రింగ్స్‌లో. దారి 24వ నెంబరు హైవే, ఒక పక్క బండరాళ్ళు, ఇంకో పక్క లోయ, దాదాపు 30 కిలోమీటర్లు. ఇక్కడ అక్టోబరులో మంచు మొదలైతే మే దాకా ఎప్పుడైనా పడొచ్చు. మాకున్న రెండు బండ్లలో ఒకటి చిన్న కారు. వేసవిలో కూరగాయలకి వెళ్ళడానికి బాగుంటుంది. రెండోది 2008 మోడల్ ఎస్‌యూవీ, ఫోర్ వీల్ డ్రైవ్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. మోత వస్తున్నది ఇందులోనే. కంపెనీ పేరు చెప్పను. అన్నేళ్ళు తిరిగిన బండికి మోకాళ్ళ నొప్పులొస్తే కంపెనీని అనడం న్యాయం కాదు.

కింద సిటీలో ఒక షెడ్డుకి తీసుకెళ్ళాను. గంట సేపు చూసి, ముందు డిఫరెన్షియల్ మొత్తం మార్చాలి, 3,200 డాలర్లు అన్నారు.

"లోపల ఏం పోయిందో తెరిచి చూడరా?" అని అడిగాను.

"మేం తెరవం. తీసి కొత్తది పెడతాం" అన్నాడు కౌంటర్లో అబ్బాయి, మర్యాదగానే.

అతన్ని తప్పు పట్టను. ఇక్కడ మనిషి గంట సేపటి పని ఖరీదు చూస్తే, విప్పి బాగుచెయ్యడం కన్నా పారేసి కొత్తది పెట్టడమే చవక అని లెక్క తేలుతుంది. ఆ లెక్కకి అలవాటు పడ్డ దేశంలో బాగుచేసే చేతులు తగ్గిపోతాయి. కానీ 3,200 అంటే మేం కాన్పు కోసం పక్కన పెట్టుకున్న డబ్బులో పెద్ద ముక్క. ఇన్సూరెన్సు ఉన్నా, కాన్పుకి మన జేబులోంచి కట్టాల్సింది కట్టాల్సిందే.

ఆ రాత్రి మావయ్యకి ఫోన్ చేశాను.

మావయ్యంటే మా అమ్మ తమ్ముడు. గుడివాడ దగ్గర పల్లెటూరి నుంచి పద్నాలుగేళ్ళ వయసులో విజయవాడ ఆటోనగర్‌కి వచ్చి, నట్లు కడిగే కుర్రాడిగా చేరి, లారీ డిఫరెన్షియళ్ళు బాగుచేసే మేస్త్రీ అయ్యాడు. ఆటోనగర్‌లో ఎవరి పని వాళ్ళదే. ఒకరు ఇంజను మాత్రమే ముడతారు, ఒకరు రేడియేటరు, ఒకరు కమాను కట్టలు. మావయ్యది వెనక హౌసింగు. క్రౌన్ వీలు, పినియను పళ్ళు ఒకదానితో ఒకటి సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడ్డానికి సింధూరం నూనెలో కలిపి పళ్ళకి పూసేవాడు. ఆంజనేయస్వామికి పూసే సింధూరమే. ఓసారి తిప్పి చూస్తే పంటి మీద ఎక్కడ రాపిడి పడుతోందో అక్కడ రంగు చెరిగిపోతుంది. ఆ మచ్చ పంటి మధ్యలో ఉండాలి. అంచుకి పోతే షిమ్ములు మార్చాలి. చిన్నప్పుడు సెలవులకి వెళ్ళినప్పుడు షెడ్డు గుమ్మం దగ్గర ఇనప డబ్బా మీద కూర్చుని ఇదంతా చూసేవాణ్ణి. దగ్గరికి రానిచ్చేవాడు కాదు. "బట్టలు పాడవుతాయి. నీకెందుకురా ఈ గ్రీజు, చదువుకో" అనేవాడు.

చదువుకున్నాను. అదీ మెకానికల్ ఇంజనీరింగే. మూడో సంవత్సరంలో డిఫరెన్షియల్ అడ్డుకోత బొమ్మ గీసి పదహారుకి పద్నాలుగు మార్కులు తెచ్చుకున్నాను. మా ల్యాబులో ఒకటి ఉండేది, సగానికి కోసి, ఎరుపు ఆకుపచ్చ రంగులు వేసి స్టాండు మీద పెట్టింది. రంగు వేసేటప్పుడు పళ్ళ మధ్యలో కూడా వేసేశారేమో, తిరిగేది కాదు. నాలుగేళ్ళలో అది తిరగ్గా నేను చూడలేదు. ఆఖరి సంవత్సరం క్యాంపస్‌కి సాఫ్ట్‌వేర్ కంపెనీ వచ్చి మా క్లాసులో సగం మందిని పట్టుకుపోయింది. మెకానికల్ సీటు కోసం పోటీ పడి చేరినవాళ్ళం మెకానికల్ పని ఒక్క రోజూ చెయ్యకుండా బయటికొచ్చేశాం. నా క్లాస్‌మేట్లలో చాలామంది కథ ఇదే.

మావయ్య బేరింగు మోతని బట్టి జబ్బు చెప్పేవాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన హౌసింగు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఎడం పక్క బేరింగు" అనేవాడు. విప్పితే అదే. అందుకని నా మొదటి ఆలోచన మోతని ఆయనకి వినిపించడం. మా ఆవిడ బండి నడుపుతుంటే పక్కన కూర్చుని వీడియో కాల్ చేశాను.

"ఏదిరా మోత? నీ మాట తప్ప ఏం రావట్లేదు" అన్నాడు.

దానికి కారణం నాకు తెలుసు. ఇలాంటి యాప్‌లలో ఒక ప్రోగ్రాము ఉంటుంది. ఒకే తీరున ఆగకుండా వచ్చే శబ్దాన్ని ఫ్యాను చప్పుడో, ఏసీ హోరో అనుకుని తీసేసి మనిషి గొంతు మాత్రమే అవతలికి పంపుతుంది. మాలాంటి వాళ్ళు రాసిందే. సరిగ్గా మాకు కావల్సిన శబ్దాన్నే అది వడగట్టేస్తోంది. సరే అని మర్నాడు విడిగా రికార్డు చేసి పంపాను. సాయంత్రం ఎనిమిదింటికి ఫోన్ చేశాను, వాళ్ళకి అప్పుడు పొద్దున.

"విన్నానురా. ఇందులోనూ ఏం లేదు" అన్నాడు.

వెనక నుంచి అత్తయ్య గొంతు. "లేకపోవడమేంటండీ, తుమ్మెద రొద పెట్టినట్టు అంత స్పష్టంగా ఉంటే!" తర్వాత ఫోను ఆవిడ చేతిలోకొచ్చింది. "ఆయనకి ఈమధ్య సరిగ్గా వినపడట్లేదులే అబ్బాయ్. టీవీ సౌండు చూడాలి నువ్వు. చెవుల డాక్టరు దగ్గరికి రమ్మంటే రాడు."

నలభై ఐదేళ్ళు సుత్తి దెబ్బల మధ్య, సైలెన్సర్ లేని ఇంజన్ల మధ్య ఉన్న చెవులు. ఆ మాట విన్నాక ఏమనాలో నాకు తోచలేదు. మావయ్యే ఫోను లాక్కుని, ఏమీ జరగనట్టు అడగడం మొదలుపెట్టాడు.

"సరే, చెవి సంగతొదిలెయ్. ఒంటికి ఎక్కడ తెలుస్తోంది? స్టీరింగుకా, సీటుకా, కాళ్ళకా?"

"కాళ్ళకి. ఎడమ కాలికి ఎక్కువ."

"బండి ఎడమకి తిప్పితే పెరుగుతోందా, కుడికి తిప్పితేనా?"

"రెండింటికీ తేడా లేదు."

"అయితే చక్రం బేరింగు కాదు. అదైతే బరువు ఆ పక్కకి పడ్డప్పుడు అరుస్తుంది. స్పీడులో ఉండగా గేరు న్యూట్రల్ చేస్తే?"

"చదును రోడ్డు మీద చేసి చూశాను. అలాగే ఉంది."

"ఇంజనూ కాదు, గేరుబాక్సూ కాదు. నాలుగు చక్రాలూ లాగేట్టు వేస్తే?"

అది చూడలేదు, అప్పటికి చూడకూడదు కూడా. మా బండి లాంటివాటిలో ఫోర్ వీల్ వేస్తే ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకదానికొకటి కట్టేసినట్టవుతాయి. మంచు మీదో, బురదలోనో చక్రం కొంచెం జారి సర్దుకుంటుంది. పొడి తారురోడ్డు మీద జారే వీలుండదు కాబట్టి మలుపు తిరిగినప్పుడల్లా లోపలి భాగాలు మెలితిరుగుతాయి. మంచు కోసం ఆగాను. ఇక్కడ దానికోసం ఎక్కువ రోజులు ఎదురుచూడక్కర్లేదు. నవంబరు మొదటి వారంలో ఓ పొద్దున లేచేసరికి రోడ్డంతా తెల్లగా గట్టిపడి ఉంది. ఎవరూ లేని దారి చూసుకుని వెళ్ళాను. నెమ్మదిగా వేగం పెంచితే 55 దగ్గర మోత మొదలైంది. ఫోర్ వీల్ వేశాను. మోత టక్కున ఆగిపోయింది. తీశాను, వచ్చింది. వేశాను, పోయింది. నాలుగుసార్లు చేసి ఇంటికొచ్చి మావయ్యకి చెప్పాను.

"మీ బండి కడుపు నేను చూడలేదు. బొమ్మ ఏదైనా ఉంటే పంపు" అన్నాడు.

రిపేరు మాన్యువల్ కొన్నాను, అందులో ముందు డిఫరెన్షియల్ విడదీసి చూపించే బొమ్మ పంపాను. ఆయనకి ఇంగ్లీషు రాదు. బొమ్మ చదవడం వచ్చు. పావుగంటలో తిరిగి ఫోన్ చేసి, ఎడం పక్క ఇరుసు రాడ్డు డిఫరెన్షియల్లోకి దిగే చోట ఉన్న చిన్న నీడిల్ బేరింగు మీద వేలు పెట్టాడు.

ఇక్కడ కాస్త ఆగి ఆ కడుపు సంగతి చెప్పాలి. డిఫరెన్షియల్ ఎందుకంటే మావయ్య చెప్పే మాట ఒకటుంది. కళ్ళంలో పశువుల్ని కట్టి నూర్పిడి చేసేటప్పుడు నడిమి గుంజ దగ్గరున్న ఎద్దు చిన్న చుట్టు తిరుగుతుంది, చివరి ఎద్దు పెద్ద చుట్టు తిరుగుతుంది. రెంటికీ ఒకే అడుగు వెయ్యమంటే కుదరదు. బండి మలుపు తిరిగితే లోపలి చక్రం గుంజ దగ్గర ఎద్దు, బయటి చక్రం చివరి ఎద్దు. రెండూ ఒకే ఇరుసుకి గట్టిగా బిగించేస్తే ఒకటి ఈడ్చుకుపోవాలి. అందుకని మధ్యలో చిన్న చిన్న పళ్ళచక్రాలు పెట్టి, ఒకదానికి తగ్గింది రెండోదానికి కలిసేట్టు చేశారు. 1827లో పెక్వోర్ అనే ఫ్రెంచివాడు ఆవిరి బండి కోసం దీనికి పేటెంటు తీసుకున్నాడని మా పాఠంలో ఉండేది. ఎద్దుల సంగతి ఉండేది కాదు.

మా బండిని మామూలుగా నడిపేటప్పుడు ఇంజను బలం వెనక చక్రాలకే వెళ్తుంది. ముందు చక్రాలు ఊరికే దొర్లుతుంటాయి. కుడివైపు రాడ్డుని మధ్యలో విడదీయడానికి చిన్న ఎలక్ట్రిక్ మోటారు ఉంది. ఎడమవైపు అలాంటిదేం లేదు. ఆ రాడ్డు సరాసరి లోపలికి దిగి, చక్రంతో పాటు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. బలం లేకుండా ఊరికే తిరిగే రాడ్డు అరిగిన బేరింగులో వదులుగా ఎగురుతుంది. ఫోర్ వీల్ వేస్తే దాని మీద బరువు పడి ఓ చోట కుదురుకుంటుంది. మోత ఆగడానికి కారణం ఇదీ. 3,200 డాలర్ల పెట్టె లోపల పాడైంది నా బొటనవేలికి ఉంగరమయ్యేదానికన్నా కాస్త పెద్ద బేరింగు ఒకటి. దాని స్థానంలో సన్నని సూదులు లేని గట్టి లోహపు బుష్ ఒకటి దొరుకుతోంది. బుష్, కొత్త ఆయిల్ సీలు, దాన్ని సరైన లోతుకి దింపే పనిముట్టు, నూనె, అన్నీ కలిపి 200 డాలర్ల లోపు.

"నేను చేస్తా" అన్నాను మా ఆవిడతో.

ఆవిడ ల్యాప్‌టాప్ మూసి నన్ను చూసింది. "నువ్వు చక్రం విప్పుతావు. మళ్ళీ పెడతావు. ఆ బండిలో నొప్పులొస్తున్న నన్ను కూర్చోబెట్టి, మంచులో, ఆ లోయ పక్కన తీసుకెళ్తావు. అంతేనా?"

"అంతే."

"మోత ఉన్నా బండి నడుస్తోందిగా. అలా వదిలేస్తే?"

ఆ ప్రశ్న మావయ్యనే అడిగింది. ఆవిడకి ఆయన బాబాయి వరస. "వదిలెయ్యొచ్చమ్మా" అన్నాడాయన. "కొన్నాళ్ళు నడుస్తుంది. ఎగిరెగిరి సీలు అరిగి నూనె కారుతుంది. నూనె కారినట్టు మీకు తెలీదు, మంచులో కలిసిపోతుంది. నూనె లేని పళ్ళు ఏ రోజు పట్టేస్తాయో నేను చెప్పలేను. నీకు నెలలు నిండేది ఎప్పుడన్నావు?"

ఆవిడ ఒప్పుకుంది, ఒక షరతు మీద. నేను పని చేశాక బండిని ఇంకో మెకానిక్కి చూపించాలి. చక్రం, స్టీరింగు, బ్రేకు దగ్గర నేను విప్పి బిగించిన ప్రతి బోల్టూ అతను చేత్తో పట్టి చూడాలి. చూసేదాకా తను ఎక్కదు. మా ఆఫీసులో నేను రాసిన పది లైన్లు కూడా ఇంకొకరు చదవకుండా బయటికి పోవు. దీనికి నేను కాదనడానికేముంది?

థ్యాంక్స్‌గివింగ్‌కి నాలుగు రోజులు సెలవు. మా వీధిలో ఇంటి ముందు బండి విప్పకూడదని నియమం ఉంది. గ్యారేజీ తలుపు దించేసుకుని లోపల చేశాను. బయట మైనస్ 9. లోపల అంతకన్నా కొంచెం నయం.

మావయ్య మొదటి పాఠం జాకీ గురించి. "జాకీ ఎత్తడానికే, మొయ్యడానికి కాదు. కింద స్టాండ్లు పెట్టు. విప్పిన చక్రాన్ని పారెయ్యకు, ఛాసిస్ కింద పడుకోబెట్టు. స్టాండు తప్పినా చక్రం ఆపుతుంది." తర్వాత మెల్లిగా, "నేను చూశాను" అన్నాడు. ఏం చూశాడో అడగలేదు. వెనక చక్రాలకి చెక్కముక్కలు అడ్డం పెట్టి ఫోనులో చూపించేదాకా నన్ను బండి కిందికి పోనివ్వలేదు.

రెండో పాఠం, నూనె దించే ముందు నూనె పోసే రంధ్రం బిళ్ళ వదులు చెయ్యడం. కింద బిళ్ళ తీసి నూనంతా దించేశాక పైది తుప్పుపట్టి రాకపోతే, బండి కదలదు, పోయడానికి దారి ఉండదు. ఇది మాన్యువల్లో కూడా లేదు. పైది వచ్చింది, కిందిది తీశాను. నూనె బూడిద రంగులో దిగింది. గేరు నూనెలో గంధకం కలిసిన రసాయనాలుంటాయి, పళ్ళ మధ్య ఒత్తిడికి నూనె పొర తెగినా పళ్ళు అరిగిపోకుండా. ఆ వాసన ఓసారి తగిలితే మూడు రోజులు వదలదు. మా ఆవిడకి ఆ నెలల్లో పోపు వాసనే పడేది కాదు. నన్ను గ్యారేజీలోనే బట్టలు మార్చుకుని, చేతులు నిమ్మ సబ్బుతో రెండుసార్లు కడిగాక లోపలికి రానిచ్చేది.

ఇరుసు నట్టు 35 మిల్లీమీటర్లది. పానాకి మూడడుగుల ఇనప గొట్టం తొడిగి, దాని మీద నా మొత్తం బరువు వేస్తే "కిర్రు"మని కదిలింది. కింద బాల్ జాయింటు బోల్టులు రెండు, స్వే బార్ లింకు, బ్రేకు గొట్టం పట్టీ, ఏబీఎస్ తీగ. బ్రేకు గొట్టం మీద బరువు వేలాడకుండా తాడుతో కట్టాను. ఇదంతా గురువారం మధ్యాహ్నానికి అయిపోయింది.

అసలు గొడవ ఇరుసు రాడ్డు. లోపలి చివర స్ప్రింగు ఉంగరం ఒకటి గాడిలో కూర్చుని దాన్ని పట్టుకుని ఉంటుంది. లాగితే ఉంగరం ముడుచుకుని రాడ్డు బయటికి రావాలి. రాలేదు. గురువారం సాయంత్రం రాలేదు. శుక్రవారం పొద్దున రాలేదు. ఫోను ఓ డబ్బా మీద పెట్టి మావయ్యకి చూపిస్తూ చేస్తున్నాను.

"బయటి చివర పట్టి లాగకు. కీలు ఊడి రెండు ముక్కలవుతుంది, గోళీలు రాలిపోతాయి. లోపల, డబ్బా పక్కనే, రెండు వైపులా రెండు గడ్డపారలు పెట్టు. సమానంగా నొక్కు. ఒక వైపే నొక్కితే బిగుసుకుంటుంది."

"నొక్కుతున్నా మావయ్యా."

"తిప్పు. చక్రం వైపు నుంచి పావు చుట్టు తిప్పి మళ్ళీ నొక్కు. ఉంగరానికి ఓ చోట గ్యాపు ఉంటుంది. అది కిందికి వచ్చినప్పుడు దారిస్తుంది."

పావు చుట్టు. నొక్కు. పావు చుట్టు. నొక్కు. అక్కడ పొద్దుపోయినా ఆయన ఫోను పెట్టలేదు. ఆ మధ్యలోనే గమనించాను, ఆయన వెనకాల గోడ ఖాళీగా ఉంది. పానాలు సైజు వారీగా వేలాడే గోడ అది. చిన్నప్పుడు ఆ పానాల నీడలు లెక్కపెట్టేవాణ్ణి. ఇప్పుడు మేకులు మాత్రమే ఉన్నాయి.

"మావయ్యా, వెనకాల సామానేది? లారీ కూడా లేదేంటి?"

"లేదులే. షెడ్డు సంక్రాంతికి ఇచ్చేస్తున్నా. కొత్త లారీలు కంపెనీ వాళ్ళ దగ్గరికే పోతున్నాయి. పాతవాళ్ళు వస్తే మాట వినపడదు, రెండుసార్లు చెప్పాలి, విసుక్కుంటారు." ఒక్క క్షణం ఆగాడు. "నువ్వు పావు చుట్టు తిప్పావా లేదా?"

తిప్పాను. నొక్కాను. టప్‌మని రాడ్డు రెండంగుళాలు బయటికొచ్చింది. నేను అరిచిన అరుపుకి మా ఆవిడ పైనుంచి పరిగెత్తుకొచ్చింది, పరిగెత్తకూడని రోజుల్లో. ఆ అరుపు మాత్రం మావయ్యకి వినపడింది.

మిగతాది తేలిక. పాత సీలు తీశాక బేరింగు కనపడింది. పట్టి లాగే సాధనంతో బయటికి తీసి అరచేతిలో వేసుకుంటే, సూదులు కొన్ని తళతళా, కొన్ని మసకగా ఉన్నాయి. వేలితో తిప్పితే ఓ చోట గరుకుగా ఆగుతోంది. రాడ్డు మెడ మీద అది తిరిగిన చోట చిన్న గీత ఉంది, గోటికి తగలనంత. గోటికి తగిలితే రాడ్డు కూడా మార్చాలి, తగలకపోతే ఫర్వాలేదు అని మావయ్య చెప్పాడు.

కొత్త బుష్‌ని ముందు రోజు రాత్రే కవర్లో చుట్టి ఫ్రీజర్లో పెట్టాను, కరివేపాకు డబ్బాకీ కొబ్బరి తురుముకీ మధ్య. చలికి లోహం వెంట్రుకవాసి ముడుచుకుంటుంది. అది కూర్చునే గూడుని మా ఆవిడ హెయిర్ డ్రయ్యరుతో వెచ్చబెట్టాను, అది వెంట్రుకవాసి విచ్చుకుంటుంది. పాఠంలో నేర్చుకున్న థర్మల్ ఎక్స్‌పాన్షన్ మొదటిసారి పనికొచ్చింది. సుత్తితో నాలుగు దెబ్బలు, నాలుగోదానికి శబ్దం మారింది. గుల్లగా ఉన్నది గట్టిపడింది. అడుగుకి చేరిందని అర్థం. ఆ తేడా నాకు వినపడింది. మావయ్యకి ఫోనులో చెప్పాల్సి వచ్చింది.

సీలు పెదవికి గ్రీజు రాసి దింపాను. రాడ్డు లోపలికి పెట్టేటప్పుడు ఉంగరం గ్యాపు కిందికి పెట్టి, రాడ్డు పళ్ళు కొత్త సీలుని గీరకుండా రెండు చేతులతో మోసి, ఒక్క తోపు. లోపల "టక్" అంది. లాగి చూశాను, రాలేదు. మాన్యువల్ చెప్పిన గేరు నూనె పై రంధ్రం నుంచి పొంగేదాకా పోశాను, లీటరున్నర లోపే పట్టింది.

బిగించడం దగ్గర మా ఇద్దరికీ చిన్న వాదన జరుగుతుందనుకున్నాను. మావయ్య జీవితంలో టార్క్ రెంచి ముట్టలేదు. ఎంత బిగించాలో చెయ్యి చెబుతుందంటాడు. నా దగ్గర అద్దెకి తెచ్చిన రెంచి ఉంది. చెయ్యే మేలు అంటాడేమో అనుకుంటే, "నీ చెయ్యి ఇంకా ఏం చెప్పదురా. కొలత ఉంటే కొలతే వాడు. నాకుంటే నేనూ వాడేవాణ్ణి" అన్నాడు. పాత చేతి పనిని గొప్ప చేస్తూ కొలతని చిన్నబుచ్చే మాటలు నేను చాలా విన్నాను. ఆ పని చేసినవాళ్ళెవరూ అలా మాట్లాడగా వినలేదు. ఇరుసు నట్టు 235 న్యూటన్ మీటర్ల దగ్గర క్లిక్‌మంది. కాటర్ పిన్ను కొత్తది వేశాను. ప్రతి బోల్టు తల మీదా తెల్ల మార్కరుతో గీత గీశాను, కదిలితే తెలిసేట్టు.

సోమవారం మా ఊళ్ళోనే ఓ పెద్దాయన షెడ్డుకి తీసుకెళ్ళాను. గంట సేపటి కూలి తీసుకుని ప్రతి బోల్టూ చూశాడు. తెల్ల గీతలు చూసి, ఎవరు నేర్పారు అనడిగాడు. మా అమ్మ తమ్ముడు, ఇండియాలో లారీ మెకానిక్ అని చెప్పాను. తలూపి, "నీ పని బాగానే ఉంది, చక్రాల అలైన్‌మెంటు చూపించుకో" అని రసీదు రాశాడు. ఆ రసీదు ఇంట్లో ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించి ఉంది. నేను పెట్టలేదు, మా ఆవిడే పెట్టింది.

తను ఎక్కి కూర్చుంది, డ్రైవింగ్ సీట్లోనే. 55 దాటింది. 60. 65. ఇద్దరం మాట్లాడలేదు. 70 దగ్గర తను చెయ్యి చాపి, ఎప్పటి నుంచో పెంచి ఉంచిన పాటల సౌండు తగ్గించింది.

డిసెంబరు ఆఖరికి 800 కిలోమీటర్లు తిరిగాక మావయ్య నూనె ఓసారి చూడమన్నాడు. కొత్త బేరింగు పెట్టాక లోపల ఏం జరుగుతోందో నూనే చెబుతుందట. కింద బిళ్ళకి అయస్కాంతం ఉంటుంది. ఇనప రజను ఏదున్నా దానికి పట్టుకుంటుంది. గిన్నె పెట్టి, పైది ముందు వదులు చేసి, కిందిది తీశాను. నూనె తేనె రంగులో ఉంది. అయస్కాంతం మీద నల్లటి పేస్టు, సన్నగా, కాటుకలా. ఫోను దగ్గరగా పెట్టి చూపించాను.

"దూరం నుంచి కాదు. వేళ్ళ మధ్య పెట్టి రుద్దు. గుచ్చుకుంటోందా?"

రుద్దాను. "లేదు."

"ఆఁ?"

గట్టిగా చెప్పబోయి, మళ్ళీ ఆగి, రెండు వేళ్ళూ కెమెరా ముందు పెట్టి మెల్లిగా రాస్తూ చూపించాను. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని స్క్రీను దగ్గరికి వంగాడు. చాలాసేపు చూశాడు.

"సరే, మూసెయ్" అన్నాడు. "బిళ్ళకి వాషరు కొత్తది వెయ్యి. పాతది మళ్ళీ పెట్టకు."